పెట్టెలో నిన్నటి తేదీ

ఈ తెల్లవారుజామున నా చేతికి వచ్చిన ప్రూఫు కాగితం అడుగున నిన్నటి తేదీ ఉంది. పంచాంగం ప్రూఫు మీద తేదీ తప్పు పడితే దాన్ని గణించినవాడికి ఒళ్లు మండాలి. ఇన్నేళ్లూ మండేది కూడా. ఈ రోజు మాత్రం ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టడానికి చేతులు రాలేదు. ఆ తప్పు నా పంచాంగానికి పేజీలు కట్టినవాడిది. మనిషి పోయినా, అతని తప్పు మాత్రం వేళకు లేచి తన పని తాను చేసుకుపోతోంది.

మా కోటబొమ్మాళి బజారులో ఇంటి ముందుగదే అతని కొట్టు. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఒక జిరాక్సు మిషను. పగలంతా ఆధార్ జిరాక్సులు, శుభలేఖలు, పాసుపుస్తకాల నకళ్లు. చలికాలం వస్తే మాత్రం తెల్లవారకముందు ఆ గది నాది. నేను రైసు మిల్లులో లెక్కలు రాస్తాను. మిల్లు తలుపు తీసేలోగా నా పని కావాలి, జిరాక్సుల జనం వచ్చేలోగా అతని పని కావాలి. అందుకని మా పంచాంగం ఎప్పుడూ కోడి కూతల మధ్యే తయారైంది.

పంచాంగ గణితం నాకు ఎవరూ నేర్పలేదు. అచ్చు పుస్తకాల్లో ఉన్న సూర్యోదయం మా ఊరి సూర్యోదయంతో ఎందుకు కలవదన్న అనుమానంతో మొదలై, ఒక కాలిక్యులేటరుతో, పాత పుస్తకాలతో కుస్తీ పట్టి, చివరికి జేబులో పట్టే చిన్న పంచాంగం దాకా వచ్చాను. చుట్టుపక్కల రైతులు, గుళ్లలో పూజ చేసేవాళ్లు కొంటారు. అతని చదువూ అలాంటిదే. కుర్రతనంలో ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చాడు. ఆ ప్రెస్సు మూతపడ్డాక కంప్యూటరు ముందు కూర్చుని, పేజీలు కట్టే సాఫ్ట్‌వేరును తనంతట తానే పట్టుకున్నాడు. మామూలు కొట్టుల్లో వాడేది కాదు అది. ఏ గీత ఎక్కడ పడాలో, ఏ గడి ఎంత వెడల్పు ఉండాలో మాటల్లో రాసిస్తే, ఆ మాటల్ని చదువుకుని అది పుస్తకం మొత్తాన్ని పేజీలుగా కూర్చి ఇస్తుంది.

మాకు చుట్టరికం ఏమీ లేదు. మొదటి రోజే నన్ను బావా అన్నాడు, నేనూ అన్నాను.

“నువ్వు పంతులువి కావు, నాను ఇంజినీర్ని కాను. మనిద్దరం కలిసి పంచాంగం ఏస్తన్నాం. జనం కొంటన్నారు. ఈ దేశం ఎలగ బాగుపడతాది బావా?” అనేవాడు.

ఒకసారి శుభలేఖ కోసం వచ్చిన ఒక పెద్దాయన బల్ల మీద నా కాగితాలు చూసి, “పంతులుగారా?” అని నాకు దండం పెట్టబోయాడు. నేను సర్దుకునేలోగా అతను అందుకున్నాడు. “పంతులు కాదు తాతా, మిల్లు గుమస్తా. కాపోతే సూరీడు కాడ కూడా లెక్కలు రాస్తన్నాడు. అక్కడ జీతం ఇవ్వరు.”

అతన్ని తలుచుకుంటే నాకు ముందు కనిపించేది అతను కాగితం పట్టుకునే తీరు. ప్రింటరులోంచి ప్రూఫు రాగానే దాన్ని తలకిందులు చేసేవాడు. మంకీ టోపీ నుదుటి మీదికి నెట్టి, చెయ్యి బారుగా చాచి, ఒక కన్ను మూసి, అలాగే చూసేవాడు. ఒక్క అక్షరం కూడా చదివేవాడు కాదు.

“తిన్నగా పట్టుకుంటే సదవబుద్దేస్తాది బావా. సదవడం మొదలెడితే సూడలేం. నువ్వు సదువుకో, నాను సూస్తాను.”

సీసపు అక్షరాలు పేర్చేటప్పుడు పేజీని తలకిందులుగానే చూస్తారట. ఆ ప్రెస్సు పోయింది, సీసం పోయింది, ఆ చూపు మాత్రం అతనికి మిగిలింది. వెంట్రుకవాసి ఒరిగిన గీత కూడా అతనికి దొరికేది. “అంకె నీది, గీత నాది,” అనేవాడు. “అంకె తప్పితే నిన్ను తిడతారు. గీత తప్పితే ఎవులూ తిట్టరు. అందుకే నానే తిట్టుకోవాల.”

మా ప్రూఫుల కాలమే తేగల కాలం. అతను తేగ తొక్క వలిచి, పీచు తీసి, పాత ప్రూఫు ముక్క మీద పెట్టి నా ముందుకు జరిపేవాడు. ఏ కాగితం మీద పెట్టాడో చూసుకోకుండా నేను తినేవాణ్ణి కాదు. అందులో నా గుణకారం ఏదైనా పోతుందేమోనని భయం. “తిను బావా, అది సచ్చిపోయిన ఆషాడం. బతికున్న ఆషాడం ఇదిగో,” అని ఒళ్లోని కాగితం చూపించేవాడు.

పెట్టె సంగతి చెప్పాలి. దానికి ముందు అమావాస్యల సంగతి చెప్పాలి.

మా పంచాంగంలో నెలకొక పట్టిక. పాడ్యమి నుంచి అమావాస్య దాకా గడులు, పేజీ అడుగున ఆఖరి వరస అమావాస్య. ఒక ఏడాది పేజీలన్నీ సరిచూసి, ఇక విజయనగరం ప్రెస్సుకు పంపుదాం అనుకున్న రోజున, అతని కంప్యూటరు ఎవరూ అడక్కుండానే తనలోని ప్రోగ్రాములన్నిటినీ కొత్తవి చేసుకుంది. మర్నాడు తీసిన ప్రూఫులో అక్షరాలు చూడ్డానికి అవే. కానీ ఒక్కో వరసా గోరంత పెరిగింది. అలా పెరిగి పెరిగి, ప్రతి నెలా ఆఖరి వరస కింద పట్టక పక్క పేజీకి పోయింది. పుస్తకం నిండా ప్రతి పౌర్ణమీ ఇంట్లో ఉంది, ప్రతి అమావాస్యా పొరుగింట్లో ఉంది.

అతను కాగితాలు తలకిందులు చేసి, తిన్నగా చేసి, మళ్లీ తలకిందులు చేసి, నా వైపు చూశాడు.

“అమాసనాడు పెయాణం కూడదని నువ్వే కదా రాసినావు. సూడు, నీ అమాసలే పెయాణం కట్టినాయి.”

ఆ ఏడాది అన్ని పట్టికలూ చేత్తో సరిచేసి పంపాం. పుస్తకం వచ్చింది గానీ అతనికి ఆ దెబ్బ మానలేదు. కొత్త వెర్షన్ అన్న మాట వింటే ముఖం మాడ్చుకునేవాడు. “కొత్తదొస్తే పాతది సచ్చిపోవాలేటి?” అనేవాడు. ఎండాకాలం అంతా ఏదో చదివాడు, ఎవరెవరినో ఫోన్లో అడిగాడు. వానలు పడ్డాక ఒక ఉదయం నన్ను కూర్చోబెట్టి, స్క్రీను మీద ఒక్క వరస టైపు చేశాడు. పుస్తకం మొత్తం పేజీలుగా వచ్చింది. అమావాస్యలన్నీ తమ ఇళ్లలోనే ఉన్నాయి.

“దీన్ని కంటైనర్ అంటారు బావా. పేజీలు కట్టే ప్రోగ్రాం, దానికి కావాల్సిన అక్షరాలు, దాని సామానంతా ఒక పెట్టెలో పెట్టి మూసీసినాను. బయట కంప్యూటరు ఎన్ని ఏషాలేసినా లోపలికి గాలి సొరదు.”

నాకు అర్థం కాలేదని ముఖం చూసి కనిపెట్టాడు. అతనికి వంశధార కాలువ కింద కాస్త పొలం ఉంది, ఉదాహరణలన్నీ అక్కణ్ణుంచే వచ్చేవి.

“మనింటి కాడ విత్తనం ఏటి సేస్తాం? బూడిద కలిపి, కుండలో పోసి, మూతి పేడతో మెత్తీస్తాం. తిండిగింజలు ఏరు, విత్తనం ఏరు. ఎంత ఆకలేసినా ఆ కుండ ముట్టం. ఇదీ అంతే. విత్తనం అలగే ఉంటాది. మనకి పని పడ్డప్పుడల్లా అందులోంచి కొత్త నారు పోస్తాం, పేజీలు కోసుకుంటాం, నారు పీకి పారేస్తాం. రేపు మళ్లీ కొత్త నారు. ఇయ్యాల్టి నారుకీ రేపటి నారుకీ ఈసమెత్తు తేడా ఉండదు.”

“లోపల మనం చేసిన పని?”

“లోపల ఏటి సేసినా నిలవదు. కోసి బయట ఫోల్డర్లో పెట్టుకున్నదే మనది.”

ఇంత చెప్పినవాడే ఒకసారి ఆదమరిచి, పొద్దుట్నుంచీ చేసిన దిద్దుబాట్లన్నీ పెట్టె లోపలే చేసి, దాన్ని మూసేశాడు. మళ్లీ తెరిస్తే ఏదీ లేదు. స్క్రీను వైపు చాలాసేపు చూశాడు. అతను తేగ ఒకటి తీసి, నిదానంగా తొక్క వలిచి, సగం నాకిచ్చి, “నారుతో పాటే పోనాది,” అన్నాడు. తిన్నాక మొదటి నుంచి మొదలుపెట్టాడు.

ఆ పెట్టె నడిచేది కాసేపే. ఆ కాసేపూ అతను చెయ్యి పైకెత్తి ఉంచేవాడు. పొదిగే కోడి దగ్గర పిల్లల్ని ఆపినట్టు. ఫోను మోగినా తీసేవాడు కాదు. తలుపు దగ్గరికి ఎవరైనా వస్తే, “ఉండండి, పెట్టె తెరిసున్నాది,” అనేవాడు. లోపల ఏముందో ఏమిటోనని వాళ్లు భయపడి అక్కడే నిలబడిపోయేవారు.

తేదీ గొడవ ఆ తర్వాతి చలికాలం మొదలైంది. చిత్తు ప్రతి ఏ రోజుదో తెలియడానికి పేజీ అడుగున తేదీ దానంతటదే పడేలా అతను పెట్టాడు. నేను చూసుకుంటే అది నిన్నటి తేదీ. మర్నాడూ అంతే. తెల్లవారుజామున ఎప్పుడు తీసినా ఒక రోజు వెనక. పగలు తీస్తే మాత్రం సరిగ్గా ఉంది. నాకు నిద్ర పట్టలేదు. లెక్కలో తప్పు ఒక రీతిగా వస్తోందంటే దాని వెనక లెక్క ఏదో ఉన్నట్టే. రెండు మూడు రోజులు పరీక్షగా చూసి పట్టుకున్నాను. పెట్టెలో తేదీ ఉదయం ఐదున్నరకు మారుతోంది.

అతను ఎక్కడో చదివి చెప్పాడు. పెట్టెకు నీది ఫలానా ఊరు అని చెప్పకపోతే, అది గ్రీనిచ్ కాలం పట్టుకుంటుందట. అక్కడ అర్ధరాత్రి అయ్యేసరికి మనకు ఐదున్నర.

“అయితే చెప్పు దానికి. మనది గ్రీనిచ్ కాదు, కోటబొమ్మాళి అని చెప్పు,” అన్నాను.

“ఎందుకు? సూర్యోదయం అయ్యేదాకా రోజు మారదని నువ్వే కదా అంటావు? తెల్లారకముందు పుట్టిన గుంటడికి ముందురోజు వారమే రాస్తావు కదా? నా పెట్టె నీ పంచాంగాన్నే నమ్ముతన్నాది. తెల్లారేదాకా నిన్నే అంటన్నాది. తప్పేటున్నాది?”

“సూర్యోదయం రోజుకో వేళకు అవుతుంది బావా. నీ పెట్టె ఏడాదంతా ఐదున్నరకే అంటే అది లెక్క కాదు, మొండితనం.”

“ఏడాది మొత్తంలో ఎప్పుడూ కలవదేటి?”

నేను ఇంటికి పోయి చూశాను. మా ఊళ్లో సూర్యోదయం ఐదున్నరకు అయ్యేది ఏడాదికి రెండు సార్లు. ఎండలు ముదిరేటప్పుడు ఒకసారి, నాట్లప్పుడు ఒకసారి. ఆ రెండు చోట్లా పెట్టె, సూర్యుడు ఒక్కమాట మీద ఉంటారు. మిగతా రోజుల్లో ఎవరి దారి వారిది. ఈ మాట చెబితే అతను గెలిచినట్టు తొడ చరుచుకున్నాడు. “రెండుసార్లు కలుస్తాది సాలు. నువ్వూ మీ ఆవిడా అంతకన్నా ఎక్కువ కలుస్తన్నారేటి?”

ప్రతి చలికాలం నేను అడిగేవాణ్ణి, సరిచేయమని. ప్రతి చలికాలం అతను ఒకటే మాట. “సేద్దాంలే బావా. ఎలాగూ పుస్తకంలో పడదు కదా.” నిజమే, అసలు పుస్తకం తీసేటప్పుడు ఆ తేదీ వరస తీసేస్తాడు. అయినా నాకు పంటి కింద రాయిలా ఉండేది. తేదీలు అమ్ముకుని బతికే పుస్తకానికి చిత్తు ప్రతి మీద తప్పు తేదీ ఏమిటని.

మొన్న నాట్ల రోజుల్లో అతను పోయాడు. ముందురోజు సాయంత్రం నారుమడి దగ్గర కనిపించాడు, బురద కాళ్లతో. “ఈ ఏడు ముందే మొదలెడదాం బావా, తేగలొచ్చేదాకా ఆగొద్దు,” అన్నాడు. తెల్లవారేసరికి మనిషి లేడు. లేచి మంచినీళ్లు అడిగాడట, తాగి చెంబు కింద పెట్టాడట.

నేను వెళ్లేసరికి అతని భార్య గోడకు ఆనుకుని కూర్చుంది. నన్ను అన్నయ్యా అంటుంది.

“టైమెంతని సూడలేదు అన్నయ్యా. తెల్లారతన్నాది. అవునో కాదో అన్నట్టున్నాది ఎలుతురు.”

తిథి గురించి పురోహితుడికి ఇబ్బంది రాలేదు. ముందురోజు మధ్యాహ్నం నుంచీ అదే తిథి నడుస్తోంది. ఆ పని ఆయన చూసుకున్నాడు. నేను మాత్రం దహనం నుంచి వచ్చి స్నానం చేసి, ఆ రోజు సూర్యోదయం లెక్క కట్టాను. ఎందుకు కట్టానో అడిగితే చెప్పలేను, చేతులకు అదొక్కటే తెలుసు. ఐదున్నర. పెట్టె, సూర్యుడు కలిసే రోజుల్లో అది ఒకటి. అతను వెళ్లింది ఆ గీతకు ఇటువైపా, అటువైపా, ముందురోజా, ఆ రోజా అని ఎంత చూసినా నాకు తేలలేదు. అతనుంటే తలకిందులు చేసి చూసి చెప్పేవాడు.

ఆ వానల్లోనే పాత కంప్యూటరు కూడా తడిసి పాడైంది. ఆమె కొట్టు మూయలేదు. జిరాక్సులు, శుభలేఖలు తనే చేస్తోంది. పాతదే ఇంకో కంప్యూటరు కొంది. చలి మొదలయ్యాక విజయనగరం ప్రెస్సు నుంచి ఫోను వచ్చింది. మీ అంకెలు పంపండి, పేజీలు మా పద్ధతిలో మేం కట్టేస్తాం అన్నారు. మంచివాళ్లు, సాయం చేద్దామనే అన్నారు. కానీ అప్పుడు పుస్తకంలో అంకెలు నావి ఉంటాయి, గీత అతనిది ఉండదు. నేను రెండు రోజులు గడువు అడిగాను.

పెట్టె నకలు ఒకటి అతను పెన్‌డ్రైవులో పెట్టి, బీరువా తాళాల గుత్తికి కట్టాడు. ఆ గుత్తి ఎప్పుడూ ఆమె నడుముకే ఉంటుంది. ఈ రోజు తెల్లవారుజామున నేను వెళ్లేసరికి దాన్ని విప్పి చేతిలో పట్టుకుని కూర్చుంది.

“ఈ కంప్యూటర్లో తెరుసుకుంటాదంటావా అన్నయ్యా?”

“తెలీదమ్మా.”

“తెరుసుకోకపోతే?”

“ప్రెస్సువాళ్లకు అంకెలు పంపేస్తాను.”

ఆమె లేచి దాన్ని కంప్యూటరుకు తగిలించింది. అతను రోజూ టైపు చేసే ఆ ఒక్క వరసా ఆమెకు నోటికి వచ్చు. పక్కన టీ గ్లాసు పెట్టడానికి వచ్చినప్పుడల్లా చూసి నేర్చుకుందట. పెన్‌డ్రైవులోది కంప్యూటర్లోకి ఎక్కి, వచ్చే ఏటికి నేను కట్టిన అంకెలు దానికి అందడానికి చాలాసేపు పట్టింది. తర్వాత ఆ వరస టైపు చేసి, మీట నొక్కి, తన చెయ్యి పైకెత్తింది. తను ఎత్తానని ఆమెకు తెలియదనుకుంటాను. నేను చూసి తల తిప్పుకున్నాను.

స్క్రీను మీద వరసలు పరుగెత్తాయి. ఆగాయి. ప్రింటరు గురక పెట్టింది. చైత్రం, వైశాఖం, జ్యేష్ఠం, ఒక్కో పేజీ వచ్చింది. నేను వెంటనే చదవలేదు. తలకిందులు చేసి, చెయ్యి చాచి, ఒక కన్ను మూసి చూశాను. ఏ అమావాస్యా ఇల్లు కదల్లేదు. గీతలన్నీ అతను గీసిన చోటే ఉన్నాయి. తిన్నగా చేసి అడుగున చూస్తే, నిన్నటి తేదీ.

ఆమె నా భుజం పక్కనుంచి వంగి చూసింది. “తేదీ తప్పు పడ్డాది కదా,” అంది. “దీన్ని ఎలగ సరిసెయ్యాలో మీ బావ నాకు సెప్పే ఉన్నారు. మన కాలం ఏదో పెట్టెకి ఒక్క మాట సెప్తే సాలంట. ‘మీ అన్నయ్య మరీ మొండికేస్తే కలిపీ’ అన్నారు. కలపమంటావా?”

ఒక్క మాట. ఇన్ని చలికాలాలుగా సేద్దాంలే అంటూ అతను దాచుకున్నది ఆ ఒక్క మాటనే. అది కలిపేసి ఉంటే మరుసటి ఏడాది మాకు తగువులాడుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

“వద్దులే చెల్లెమ్మా,” అన్నాను. “ఎలాగూ పుస్తకంలో పడదు కదా.”

ఆమె ముఖం నా వైపు తిప్పింది. నవ్వో ఏడుపో తేలకముందే కొంగు అడ్డం పెట్టుకుంది. “ఆయన మాట నీకొచ్చీసినాదేటి అన్నయ్యా?”

పేజీలన్నీ సరిగ్గా వచ్చాయి. మళ్లీ తీయాల్సిన పనిలేదు. బయట చలికి ఎవరో పుల్లలు మండిస్తున్న వాసన, ఇంకా వెలుతురు లేదు. పెట్టె మూసే ముందు ఆమె అడిగింది.

“మరి ఆపీనా?”

నేను గోడ గడియారం వైపు చూశాను.

“ఐదున్నర కాలేదు కదమ్మా,” అన్నాను. “ఈలోగా ఇంకొకటి తియ్యి.”